జకరయ్య గారి రెండు ముళ్ళ గడియారం

మా పక్కింట్లో బాలింత ఉంది. పొద్దున్నే వాళ్ళమ్మ చిన్న గిన్నెలో ఆముదం వెచ్చబెడుతుంది. ఒక్కోరోజు మాటల్లో పడి పొయ్యి మీద మరిచిపోతే, మాడిన ఆముదం వాసన గోడ దాటి, నేను బైబిలు వాక్యం చదువుకునే కిటికీ దగ్గరికి వస్తుంది. ఎవరికైనా ఆ వాసనకు పసిబిడ్డలు గుర్తొస్తారు. నాకు పందెం కార్లు గుర్తొస్తాయి. ఆ రోజుల్లో పందేనికి వచ్చే మోటారు సైకిళ్ళలో, కొన్ని కార్లలో ఆముదంతో చేసిన నూనె పోసేవాళ్ళు. ఇంజన్లు వేడెక్కితే మైదానమంతా ఇదే వాసన. దాని వెనకాలే జకరయ్య గారు గుర్తొస్తారు, ఆయన పక్కన పోలయ్య గుర్తొస్తాడు. అప్పుడు చదువుతున్న వాక్యం మీద వేలు అలాగే ఆగిపోతుంది.

జకరయ్య గారిని మీరెవరూ చూసి ఉండరు. బిట్రగుంట స్టేషనుకు ఎదురుగా, రైల్వే కాలనీకి వెళ్ళే దారి మొదట్లో ఆయన వాచీల కొట్టు ఉండేది. గార్డుల జేబు వాచీలు, డ్రైవర్ల వాచీలు, చుట్టుపక్కల స్టేషన్ల గోడగడియారాలు అన్నీ ఆయన చేతి మీదుగా పోవలసిందే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఏళ్ళ తరబడి భూతద్దం బిగించి బిగించి కుడికంటి చుట్టూ గుండ్రంగా నల్లటి మచ్చ పడింది. గుడిలో ఎప్పుడూ చివరి బల్ల మీదే కూర్చునేవారు. పాట ఎత్తుకోవడం, లేచి సాక్ష్యం చెప్పడం ఆయనకు చేతకాదు. నేను అలా కాదు. మా నాన్న సంఘంలో పెద్ద. జకరయ్య గారి దగ్గర పనికి చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆదివారం బడిలో పాఠం చెప్పేవాణ్ణి, పాస్టరు గారు ఊళ్ళో లేకపోతే ప్రార్థన నడిపేవాణ్ణి. కొట్టులో ఆయన నాకు యజమాని అయితే అయ్యారు, దేవుని ఇంట్లో నాది ముందు బల్ల అని లోలోపల ఒక తృప్తి ఉండేది.

నేను చేరిన ఏడాదికి పోలయ్య వచ్చాడు. విడవలూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె వాళ్ళది. వేటకు పోయినప్పుడు తెప్ప తిరగబడి మోకాలు దెబ్బతింది. ఇక సముద్రానికి పనికిరాడని ఇంట్లో తేల్చేశాక, బంధువు ఎవరో చెబితే కుంటుకుంటూ మా కొట్టుకు వచ్చాడు. నాకన్నా రెండేళ్ళు చిన్న. వాక్యం తెలియదు, ఏటేటా వాళ్ళ అమ్మవారికి పొంగలి పెట్టి వచ్చేవాడు. వలలు అల్లిన ఆ మొరటు వేళ్ళతో, వెంట్రుక కన్నా సన్నటి తీగను ఊపిరి బిగపట్టకుండా పట్టుకునేవాడు. నేను ఊపిరి బిగపడితేగానీ పట్టుకోలేకపోయేవాణ్ణి.

కొట్టులో మా ముగ్గురికీ ప్రాణమైనది ఒక చెక్కపెట్టె. స్విట్జర్లాండులో తాతల కాలం నుంచి గడియారాలు చేస్తున్న ఒక కంపెనీకి మద్రాసులో ఏజెంటు ఉండేవాడు. జకరయ్య గారు కుర్రతనంలో ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. ఏటేటా మద్రాసు దగ్గర షోళవరంలో, యుద్ధకాలంలో విమానాల కోసం వేసి వదిలేసిన సిమెంటు దారి మీద మోటారు పందేలు జరిగేవి. పందేలకు నెల ముందు ఏజెంటు ఆ పెట్టెను మా కొట్టుకు పంపేవాడు. అందులో ఒక పలకకు బిగించిన స్టాప్‌వాచీలు ఉండేవి. వాటిని విప్పి, కడిగి, నూనె వేసి, పందెం నాడు తీసుకువెళ్ళి బల్ల దగ్గర కూర్చుని ఒక్కో బండి కాలాన్ని పట్టేది జకరయ్య గారే.

ఆ కంపెనీ మాటెత్తితే చాలు, మాటలు తక్కువైన ఆ మనిషికి ఎక్కడలేని మాటలూ వచ్చేవి. “అక్కడ చలికాలం మంచు కురిస్తే రైతులకు పొలం పని ఉండదంట. ఇంట్లో కూచుని గడియారాల పళ్ళచక్రాలు అరగదీసేవాళ్ళంట. అట్టా మొదలైన పని ఇది. మోటారు బండి పుట్టినాక, బండి ముందు పలక మీద బిగించే గడియారం చేసినారు. ఆ తరవాత పందేలు వచ్చినాయి. రెండు బళ్ళు ఒక్కమారే గీత దాటినట్టుంటే, ఏది ముందో కంటికి ఎట్టా తెలుస్తది? అందుకని సెకన్ను అయిదు ముక్కలు చేసినారు. పది చేసినారు. నూరు గూడా చేసినారు.”

“నూరు ముక్కలు చేసి ఏం జేసుకుంటారు సామీ?” అన్నాడు పోలయ్య. “మా పల్లెలో పొద్దును రెండు ముక్కలు చేస్తే సరిపోతుంది. వల వేసే పూట, వల లాగే పూట.”

“మీ చేపలు పందెం కట్టవు గదా అబ్బయా,” అని జకరయ్య గారు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. రెండేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను, నా మాటకు ఆయన అలా నవ్వగా ఎన్నడూ చూడలేదు. నాలో ఈర్ష్య అనే పురుగు తొలిచింది ఆ పూటే అనుకుంటాను.

ఆ వాచీల్లో ఒక్కోదానికి సెకన్ల ముళ్ళు రెండు. రెండూ ఒకదాని మీద ఒకటి కలిసి పరిగెడుతూ ఉంటాయి. బండి గీత దాటగానే మీట నొక్కితే ఒక ముల్లు ఆగిపోతుంది, రెండోది ఆగకుండా పోతూనే ఉంటుంది. ఆగిన ముల్లు చూపే అంకె రాసుకుని మళ్ళీ నొక్కితే, అది ఒక్క గెంతు గెంతి రెండోదాన్ని కలుసుకుంటుంది. అలా వాచీ ఆపకుండానే ప్రతి చుట్టుకూ కాలం దొరుకుతుంది. మా చేత ఆయన సాధన చేయించింది రైళ్ళ మీద. ఔటర్ సిగ్నల్ దగ్గర కాలవగట్టు మీద కూర్చోబెట్టి, మెయిలు ఇంజను ఒక తంతిస్తంభం దాటే క్షణాన్ని ఇద్దరినీ పట్టమనేవారు. చెప్పేవి రెండే మాటలు. “బండిని చూడొద్దు, గీతను చూడండి. బండి అదే వస్తుంది.” రెండోది: “చూడకపోతే అంకె బదులు అడ్డగీత పెట్టండి. దానికి సిగ్గుపడే పన్లేదు. ఊహించి అంకె వేస్తే అది గడియారం చెప్పింది కాదు, మీరు చెప్పింది.”

పోలయ్యకు సముద్రం మీది ఎండలో రెప్ప వెయ్యకుండా చూసే అలవాటు. అతని అంకె ఆయన అంకెతో ఎప్పుడూ కలిసేది. నాది ఎప్పుడూ ఒక ముక్క తక్కువే.

“నువ్వు ప్రతిమారూ ముందే నొక్కుతుండావు ప్రకాశం. ఇంజను రాకముందే వచ్చేసిందని నీకు నమ్మకం.”

“నమ్మకం ఉంటే తప్పా అయ్యా?”

“గుడిలో తప్పు గాదు. ఈడ తప్పు.”

పోలయ్య గడ్డిపరక కొరుకుతూ నవ్వు ఆపుకున్నాడు. ఆ ఆపుకున్నది నాకు కనబడింది.

ఆ ఏడాది ఆయన మాలో ఒకరిని షోళవరం తీసుకుపోతానన్నారు. ముందు నన్నే అడిగారు. పందెం ఆదివారం. నేను మారు ఆలోచన లేకుండా రానన్నాను. విశ్రాంతి దినాన ప్రభువు సన్నిధి వదిలి పందేలకు రావడమా అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన తల ఊపి, “మంచిది. పోలయ్యా, నువ్వు బయల్దేరు,” అన్నారు. అంతే. నన్ను బతిమాలతారని నేను ఎదురుచూసినట్టు ఆ క్షణం దాకా నాకే తెలియదు. ఆ ఆదివారం సంఘంలో లేచి, లోకపు ఆకర్షణను ఎలా విడిచిపెట్టానో సాక్ష్యం చెప్పాను. పెద్దలు ఆమెన్ అన్నారు. నోటితో స్తోత్రం చెబుతున్నాను, మనసేమో పొన్నేరిలో రైలు దిగి, బస్సెక్కి, ఆ బల్ల దగ్గర కూర్చునే ఉంది.

సోమవారం పోలయ్య చొక్కా నిండా ఆముదం వాసనతో వచ్చాడు. మూడు రోజులు కొట్టులో అదే కథ. “అన్నా, ఆ బండ్లు వస్తుంటే నేల కాళ్ళకింద వణకతది. సామి నా పక్కన కూచోని, ఒక్క మాట చెప్పలా. నా కాయితం చూసి, అట్టనే సంతకం పెట్టేసినాడు!” నేను తల వంచుకుని ఒక గార్డు వాచీ అద్దం తుడుస్తూ కూర్చున్నాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది. ఇద్దరన్నదమ్ములు దేవునికి అర్పణ తెస్తే చిన్నవాడిది అంగీకరించబడి, పెద్దవాడి ముఖం చిన్నబోయిన సంగతి నేను ఆదివారం బడిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ పాఠం చెప్పినన్నాళ్ళూ నన్ను నేను చిన్నవాడి వైపే నిలబెట్టుకున్నాను.

మరుసటి ఏటికి జకరయ్య గారి కుడికంట్లో పొర కమ్మడం మొదలైంది. ఏజెంటు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బొంబాయిలో కంపెనీ స్విట్జర్లాండు మనిషి ఒకాయన దగ్గర ఆరు నెలలు శిక్షణ ఉంది, మీ వాళ్ళలో ఒకరి పేరు పంపండి, ఇకమీదట ఆ పెట్టె, పందెంలో ఆ కుర్చీ అతనివే అని. జకరయ్య గారు ఉత్తరం మాకు చదివి వినిపించి, “ఈమారు ఇద్దరూ రండి. పందెం అయినాక పేరు రాస్తాను,” అన్నారు.

“వస్తానయ్యా,” అన్నాను.

“ఆదివారం గదా?”

“విశ్రాంతి దినాన ఎద్దు గుంటలో పడితే పైకి తీయకూడదా అని ప్రభువే అన్నాడు గదా అయ్యా?”

ఆయన మసకబారిన కంటిని నా వైపు తిప్పారు. “ఈడ ఎద్దు ఎవరు ప్రకాశం? గుంట ఏది?” అన్నారు. 

షోళవరంలో నాకు ఒక ఎర్ర కారు ఇచ్చారు. మద్రాసు ధనవంతుల అబ్బాయి ఎవరో నడిపాడు. పోలయ్యకు ఒక నీలం కారు. లారీలు బాగుచేసే మెకానిక్కు ఒకాయన పాత ఇనుము ఏరి తెచ్చి స్వయంగా కట్టుకున్న బండి అది. మిగతా బళ్ళను మద్రాసు వాళ్ళు చూసుకుంటున్నారు. మా ఇద్దరి కాగితాలూ చూసి సంతకం చేసేది జకరయ్య గారు. ఎండ సిమెంటు మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతున్నాయి. మొదటి చుట్లు బాగానే పట్టాను. సగం దాటాక పోలయ్య, “సామీ, ఇది జూడండి!” అని కాగితం ఆయన వైపు తిప్పాడు. ఆ పూటకు అందరికన్నా వేగమైన చుట్టు అతని నీలం బండిదే. జకరయ్య గారు అతని వీపు తట్టారు.

తరువాతి చుట్టులో మూడో బండి ఒకటి మలుపు దగ్గర పల్టీ కొట్టింది. చక్రాలు పైకి తేలి తిరగడం నా కళ్ళతో చూశాను. నేను గీతను కాకుండా బండ్లను చూస్తున్నాను మరి. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు, ఆపద కనబడగానే తల వంగింది, కళ్ళు మూతపడ్డాయి. ‘ప్రభువా, ఆ మనిషిని కాపాడు,’ అన్నాను. ఆ ప్రార్థన నిజమైనదే, దాని విషయంలో నాకు ఈనాటికీ అనుమానం లేదు. కళ్ళు తెరిచేసరికి ఆ మనిషి మలుపు దగ్గర పేర్చిన గడ్డిమోపుల్లోంచి లేచి బట్టలు దులుపుకుంటున్నాడు. నా ఎర్ర బండి గీత దాటి ఎప్పుడో పోయింది.

మళ్ళీ అది వచ్చినప్పుడు మీట నొక్కాను. రెండు చుట్ల కాలం కలిపి తెలిసింది. ఒక అడ్డగీత, పక్కన ఆ మొత్తం. నేను పెట్టవలసింది అంతే. నేను అడ్డగీత పెట్టలేదు. తప్పిపోయిన చుట్టుకు, పోలయ్య బండి పోయిన ఆ వేగమైన చుట్టు కన్నా ఒక్క అయిదోవంతు సెకను తక్కువ వేశాను. మిగిలినదంతా రెండో చుట్టులో సర్దాను. 

పోలయ్య నా వైపు తిరగకుండానే మెల్లిగా అన్నాడు: “అన్నా, ఇందాక నీ మీట టిక్కుమనలా.”

“నీ బండి నువ్వు చూసుకో,” అన్నాను.

సాయంత్రం కాగితాలు తీసుకుని జకరయ్య గారు ఆ వరుస మీద వేలు పెట్టారు. “ప్రకాశం, ఇది నువ్వు పట్టిందేనా?”

“అవునయ్యా.”

 పోలయ్య తల వంచుకుని వాచీలు పెట్టెలో సర్దుతున్నాడు. సంతకం పడింది. వేగమైన చుట్టుకు ఇచ్చే వెండి కప్పు ఎర్ర కారు అబ్బాయికి ఇచ్చారు. నూనె చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ ఆ మెకానిక్కు చప్పట్లు కొట్టడం చూశాను.

బిట్రగుంట వచ్చాక, పేరు రాసే రోజున పోలయ్యే అందుకున్నాడు. “ప్రకాశమన్నను పంపండి సామీ. ఇంగిలీసు బాగా చదవతాడు. నేను బొంబాయిలో యాడ పడతానో ఏమో!” జకరయ్య గారు నా పేరు రాసి కవరు అంటించకుండా బల్ల సొరుగులో పెట్టారు. నేను కోరుకున్నది నా చేతికి వచ్చింది. సంతోషం రావాలి గదా? అంతకుముందు అతని కళ్ళ మీద, వేళ్ళ మీద ఈర్ష్య. ఇప్పుడు, పట్టుకున్నది అంత తేలిగ్గా వదిలెయ్యగల అతని మనసు మీద కూడా ఈర్ష్య. అది మాత్రం నేను ఎంత సాధన చేసినా వచ్చేది కాదు.

ఆ వారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం వరసగా వస్తున్నాయి. సహోదరుని మీద విరోధం పెట్టుకుని వాటిని ముట్టకూడదని పదిమందికి బోధించినవాణ్ణి. గిన్నె నా దాకా వచ్చింది. చెయ్యి చాచి, వెనక్కి తీసుకుని, పక్కవాళ్ళకు అందించాను. ముందు బల్ల కాబట్టి గుడి అంతా చూసింది. చివరి బల్ల మీద నుంచి, ఆ పొర కమ్మిన కంటితో జకరయ్య గారు కూడా చూశారు.

బయట వేపచెట్టు నీడలో నా కోసం ఆగి ఉన్నారు. “చెయ్యి వెనక్కి తీసుకున్నావే,” అన్నారు. నిలబడి మొత్తం చెప్పేశాను. అయిదోవంతు సెకను సంగతి కూడా చెప్పాను.

“నాకు ఆ పొద్దే తెలుసు,” అన్నారాయన. “ఒక చుట్టులో పిట్ట మాదిరి ఎగిరిన బండి, మరుసటి చుట్టులో ఎడ్లబండి మాదిరి నడిచింది. కాయితంలో కనబడతానే ఉంది.”

“మరి ఎందుకు సంతకం చేశారయ్యా?”

ఆయన చెట్టు మొదలుకు ఆనుకున్నారు. “పోలయ్యను ఏడ పడేసినా బతుకుతాడు. నీకు ఇది దక్కకపోతే నువ్వు చెడిపోతావని భయపడినాను. ప్రార్థన చేసినావు, అది తప్పు గాదు. దాని తరవాత నువ్వు వేసిన అంకె తప్పు. దాని కింద నేను చేసిన సంతకం ఇంకా పెద్ద తప్పు.”

ఆయన నన్ను పోలయ్య కన్నా ఎక్కువగా ప్రేమించారని అప్పుడు తెలిసింది. ఆ ప్రేమ జాలి అని కూడా అప్పుడే తెలిసింది. రెండూ ఒకేసారి తెలియడం కన్నా కఠినమైన శిక్ష నాకు ఇంకొకటి పడలేదు.

మరునాడు పందేలు జరిపించే వాళ్ళకు ఆయన ఉత్తరం రాశారు. తప్పుడు అంకె అని తెలిసీ సంతకం చేశాను, ఇకమీదట ఆ బల్ల దగ్గర కూర్చునే అర్హత నాకు లేదు అని. నా పేరు ఎక్కడా లేదు. కాగితం నా ముందుకు జరిపి, “నీది నువ్వే రాయి. రాయకపోయినా ఇది పోస్టులో వేస్తాను,” అన్నారు. ఆయన అక్షరాల కింద నా తప్పు నేను రాశాను. సొరుగులోని కవరు తీసి, నా పేరు కొట్టేసి పోలయ్య పేరు రాసింది కూడా నేనే. ఎర్ర కారు అబ్బాయి కప్పు మెకానిక్కు ఇంటికి పంపించేశాడని తరువాత తెలిసింది. జకరయ్య గారిని మళ్ళీ ఎవరూ పందేలకు పిలవలేదు. అన్నేళ్ళుగా ఏటేటా కడిగి నూనె వేసిన ఆ పెట్టెను ఆయన చివరిసారి తుడిచి, పోలయ్య చేతికి ఇచ్చేశారు.

రైలెక్కేటప్పుడు పోలయ్య కిటికీలోంచి వంగాడు. “అన్నా, ఒక మాట. ఆ పొద్దు ఆడ బండి పల్టీ కొట్టిందని నాకు సామి చెప్తేనే తెలిసింది. పక్కనే ఉండాను, నా కంట్లో గీత తప్ప ఏమీ లేదు. మనిషి చచ్చిపోతున్నా నాకు తెలిసేది గాదు. నువ్వన్నా చూసినావు.” నన్ను ఓదార్చడానికి అన్నాడో, తన మనసులో ఏదైనా గుచ్చుకుని అన్నాడో తెలియదు. రైలు కదిలిపోయింది. నేను ‘మేలు జరగాలి’ అని కూడా అనలేకపోయాను.

తరువాతి రెండేళ్ళలో జకరయ్య గారికి రెండో కన్ను కూడా మసకబారింది. కొట్టు నేను నడిపాను. పోలయ్య నెలకొక ఉత్తరం రాసేవాడు, వాటిని ఆయనకు చదివి వినిపించడం నా పని. స్విట్జర్లాండు దొర తన పనిని మెచ్చుకున్నాడని, కలకత్తా పందేలకు తననే పంపారని, కంపెనీ కొత్త వాచీ మొదట తన చేతికే ఇచ్చారని రాసేవాడు. నా గొంతుతో అవన్నీ చదవాలి. ఒకనాడు, ‘సామీ, మీ మాదిరి చెయ్యి దేశంలో ఇంకెవరికీ లేదని, అది నాకే వచ్చిందని దొర అన్నాడు’ అన్న వాక్యం దాటేసి కింది వరసకు పోయాను.

జకరయ్య గారు చెయ్యెత్తారు. “ఆగు. ఒక వరస దాటినావు.”

“లేదయ్యా.”

“ఒక్కరవ్వ తక్కువైంది. మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాను. మొదటిసారి నోట్లోనే గొణిగాను. “ఇంకొకమారు,” అన్నారు. రెండోసారి మాటలు బయటికి వచ్చాయి. ఆయన కళ్ళు మూసుకుని నవ్వుకుంటూ విన్నారు. ఆ నవ్వు పోలయ్య కోసమా, నా కోసమా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన పోయేదాకా వచ్చిన ప్రతి ఉత్తరమూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను.

ఇప్పుడు మా సంఘంలో ప్రతి ఆదివారం, జరిగిన మేలుకు జనం రాసిచ్చే కృతజ్ఞత చీటీలు చదివేది నేనే. ఒకరి కొడుక్కి ఉద్యోగం వచ్చింది, ఒకరు ఇల్లు కట్టుకున్నారు, నాతోపాటు పాఠం చెప్పిన ఆయన మనవడు పాస్టరు అయ్యాడు. పాత పురుగు ఇంకా చావలేదు, చస్తుందన్న ఆశ కూడా లేదు. కొన్ని చీటీలు పట్టుకుంటే కన్ను కింది వరసకు జారుతుంది. దాన్ని మళ్ళీ పై వరసకు తెచ్చుకుంటాను. ఆ తరువాత పేరు, ఊరు, జరిగిన మేలు, ఒక్క మాట కూడా తగ్గకుండా, చివరి బల్ల దాకా వినబడేటట్టు చదువుతాను.